ఆలస్యంగా పోస్తేనే ఎక్కువ ధర: నల్గొండ పల్లెలో ఒక పాల కేంద్రం కేసు

పాలు విరగడం గురించి మొదలైన కేసు ఇది. నేను బర్రెల్లో వెతికాను, క్యాన్లలో వెతికాను, మనుషుల్లోనూ వెతికాను. జవాబు ఒక గాజు గొట్టం దగ్గర దొరికింది. ఊరి పేరు, డెయిరీ పేరు, మనుషుల గుర్తులు తీసేశాను. అంకెలు మాత్రం నా డైరీలోవే.

నేపథ్యం

నల్గొండ జిల్లాలో పడమటి వైపు మెట్ట ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఇటు రావు. చేలన్నీ పత్తి, కాస్త కంది, బోరు ఉన్నవాళ్లకు రెండు మడుల వరి. ఒకప్పుడు జొన్న వేసేవాళ్లు, పశువులకు చొప్ప దొరికేది. జొన్న పోయి పత్తి వచ్చాక ఎండాకాలం గడ్డికి మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే వరిగడ్డి ట్రాక్టర్లే దిక్కు.

పాల కేంద్రంలో పాలు పోసేవాళ్లు 42 మంది, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇంటికి ఒకటో రెండో బర్రెలు, గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతితో సంకరం చేసినవి) కొన్ని, మిగతావి నాటువి. డిసెంబర్‌లో పొద్దున 190 లీటర్ల దాకా వచ్చేవి. సాయంత్రం పాలు తక్కువని ఏడాది క్రితమే ఆ పూట సేకరణ ఆపేశారు. ఉదయం పాలు తొమ్మిది ఊళ్లు తిరిగే ఆటో ట్రాలీలో 18 కిలోమీటర్ల దూరంలోని బల్క్ కూలర్‌కు వెళ్తాయి. అక్కడే పాలను 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. అంతవరకూ అవి ఊరి వేడిలోనే ఉంటాయి.

నేను పశువైద్యుణ్ణి. అప్పటికి ఆ రూట్‌లో పాల సేకరణ, నాణ్యత చూసే బాధ్యత నాది.

సమస్య

మార్చి మధ్య నుంచి ఈ ఊరి క్యాన్లు బల్క్ కూలర్ దగ్గర మరిగింపు పరీక్షలో విరగడం మొదలైంది. కొద్దిగా పాలు పరీక్షనాళికలో పోసి మరిగే నీళ్లలో పెడతాం. ఆమ్లత్వం పెరిగిన పాలైతే గడ్డలు కడతాయి. గడ్డ కట్టిన క్యాన్ వెనక్కి పోతుంది. మూడు వారాల్లో తొమ్మిది క్యాన్లు వెనక్కి పోయాయి. ఆ నష్టం 42 మంది బిల్లుల్లో పడింది. ఎవరి పాలు విరిగాయో ఎవరికీ తెలియదు, డబ్బులు మాత్రం అందరివీ పోయాయి. ఊళ్లో గొడవ మొదలైంది. కొందరు కేంద్రం మానేసి హోటళ్లకు పోసే పాలవాడికి ఇవ్వడం మొదలుపెట్టారు. ఏప్రిల్ మొదటి వారానికి పొద్దుటి పాలు 118 లీటర్లకు దిగాయి.

ఊళ్లో చాలామంది చెప్పిన కారణం ఫ్లోరైడ్. ఆ ప్రాంతంలో బోరు నీళ్లు తాగి తరాలు నడుము వంగిపోయిన మాట నిజం. పశువుల పళ్ల మీదా ఆ మచ్చలు కనిపిస్తాయి. దాంతో కాలు నొచ్చినా ఫ్లోరైడే, పాలు విరిగినా ఫ్లోరైడే. పాలు పులిసేది బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చడం వల్ల. ఫ్లోరైడ్‌కూ దానికీ సంబంధం లేదని చెప్పడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది.

మొదట పట్టుకున్న తోక

నా మొదటి అనుమానం రాత్రి పాల మీద. సాయంత్రం పాలు కొనేవాళ్లు లేరు, ఇంట్లో మిగిలిపోతాయి, పొద్దున తాజా పాలలో కలిపి పోస్తున్నారని అనుకున్నాను. తర్కం బాగానే ఉంది. కాబట్టి కేంద్రంలోనే ఒక్కొక్కరి పాలను మరిగించి చూడమన్నాను. 42 మందికి 42 నాళికలు. కేంద్రం నడిపే అబ్బాయి ఒక్కడే. వరుస రోడ్డు దాకా పెరిగింది. ఆ వారంలో ఇద్దరు దొరికారు, వాళ్లు ఒప్పుకున్నారు కూడా. కానీ క్యాన్లు విరగడం ఆగలేదు, పైగా పెరిగింది. పరీక్ష కోసం నిలబెట్టి పాలను ఇంకో నలభై నిమిషాలు ఎండలో ఉంచింది నేనేనని అప్పుడు తట్టలేదు.

రెండో అనుమానం క్యాన్ల మీద. ఇది కొంత ఫలితం ఇచ్చింది. బల్క్ కూలర్ దగ్గర కడిగిన క్యాన్లను తడిగానే మూత బిగించి తిరిగి పంపుతున్నారు. రాత్రంతా ఆ తడిలో ఏం పెరుగుతుందో పొద్దున మూత తీసి వాసన చూస్తే చాలు. చాకలి సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగించి, ఇనుప స్టాండ్ చేయించి బోర్లా ఆరబెట్టించాను. మిథిలీన్ బ్లూ పరీక్షలో రంగు పోవడానికి అంతకుముందు అరగంట కూడా పట్టేది కాదు, ఇప్పుడు గంట దాటింది. ఆ పరీక్షలో నీలం రంగు ఎంత ఆలస్యంగా పోతే పాలలో బాక్టీరియా అంత తక్కువ అని లెక్క. అరగంట అంటే చెడ్డ పాలు, గంట అంటే పర్లేదు. క్యాన్లు వెనక్కి రావడం వారానికి మూడు నుంచి రెండుకు తగ్గింది. అక్కడే ఆగిపోయింది.

అదే సమయంలో పాల దిగుబడి పెంచాలని దాణా, ఖనిజ లవణ మిశ్రమం అప్పు మీద ఇప్పించాను. నా ఆలోచన: బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట్లో ఈనుతాయి. ఏప్రిల్ నాటికి పాడి చివరికి వస్తుంది. పైగా ఒట్టి వరిగడ్డి. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. కాబట్టి రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున దాణా పెడితే పడిపోవడం కాస్త ఆగుతుంది. పన్నెండు ఇళ్లకు ఇచ్చాను. రెండు వారాల తర్వాత చూస్తే సగం బస్తాలు విప్పనే లేదు. ఒకామె మొహం మీదే అడిగింది: "విరిగిపోయే పాలకు దాణా ఎందుకు సారూ?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దాణా పక్కన పెట్టాను.

ఒక రాత్రి ఊళ్లో

ఏప్రిల్ రెండో వారంలో ఊళ్లోనే పడుకున్నాను. మేం అధికారులం కేంద్రానికి వచ్చేసరికి ఏడవుతుంది. అప్పటికి జరగాల్సినదంతా జరిగిపోయి ఉంటుంది. పాలు పిండే వేళ నుంచి చూద్దామనుకున్నాను.

కేంద్రం గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు ఒకటుంది. ఆ ఇంటామె 5:20కి పిండడం అయిపోగొట్టింది. బకెట్ మీద గుడ్డ కప్పి అరుగు మీద పెట్టింది. వాకిలి ఊడ్చింది, పెండ ఎత్తింది, చాయ్ పెట్టింది. కేంద్రం తలుపు తెరిచే ఉంది, పది అడుగుల దూరం. ఆమె 6:45 దాకా కదలలేదు. చుట్టూ చూస్తే ఆ వీధి అంతా అంతే. 6:30కి వెళ్లాల్సిన ట్రాలీ 7:20కి కదిలింది.

ఎందుకు ఆగావమ్మా అని అడిగాను. "పొద్దుగాల ఎచ్చగ పోస్తే మీటరు దిగుతది సారూ. జర సల్లారినంక పోస్తే లేస్తది. ఊరందరికీ తెలుసు, మీకు తెల్వదా?"

తెలుసు. కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను. లాక్టోమీటర్ పాల సాంద్రతను కొలుస్తుంది. పాలు వేడిగా ఉంటే పలచబడి మీటరు కిందికి దిగుతుంది, రీడింగ్ తక్కువ వస్తుంది. అక్కడి మీటరు 27 డిగ్రీలకు తయారైనది. అంతకన్నా ప్రతి డిగ్రీ ఎక్కువకు సుమారు 0.2 కలపాలి, తక్కువైతే తీసేయాలి. అప్పుడే పిండిన పాలలో నురగ, గాలి బుడగలు ఉంటాయి. వెన్న ఇంకా గట్టిపడదు. అందువల్ల కూడా తాజా పాల రీడింగ్ కాస్త తక్కువే ఉంటుంది.

ధర కట్టేది వెన్న, ఎస్ఎన్ఎఫ్ చూసి. కేంద్రంలో వెన్న శాతం చూడటానికి మిల్కోటెస్టర్ అనే యంత్రం ఉంది. ఎస్ఎన్ఎఫ్‌కు, అంటే వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలకు, లాక్టోమీటరే ఆధారం. రీడింగ్‌ను నాలుగుతో భాగించి, వెన్న శాతంలో సుమారు అయిదో వంతు కలిపి, డెయిరీ పెట్టుకున్న స్థిర సంఖ్య ఒకటి కలిపితే ఎస్ఎన్ఎఫ్ వస్తుంది. అబ్బాయిని థర్మామీటర్ ఏదని అడిగాను. రెండేళ్ల కిందట పగిలిందన్నాడు. గోడ మీద సవరణ పట్టిక ఉంది, పొగ పట్టి అంకెలు కనిపించడం లేదు. వాడి ముందు పనిచేసినవాడు నేర్పినట్టు మీటరు చూసి రాసేస్తున్నాడు.

అదే పొద్దున ఆమె బకెట్ పాలతోనే చూశాను. పిండగానే 36 డిగ్రీల దగ్గర రీడింగ్ 25.5. గంట తర్వాత 29 డిగ్రీల దగ్గర 27.5. అవే పాలు, అదే బర్రె. రెండు పాయింట్ల తేడా అంటే ఎస్ఎన్ఎఫ్‌లో 0.5. ఆనాటి ధరల పట్టికలో లీటరుకు రెండు రూపాయల పైచిలుకు. గంటసేపు ఊరికే కూర్చుంటే ఆమెకు అయిదు లీటర్ల మీద పది రూపాయలు వస్తున్నాయి. పాలు విరిగితే నష్టం 42 మంది పంచుకుంటారు, ఆగినందుకు లాభం ఒక్కరిదే. ఆమె స్థానంలో నేనున్నా అరుగు మీదే కూర్చునేవాణ్ణి.

ఇందులో నాకు ఇబ్బంది కలిగించే ముక్క ఒకటుంది. జనవరిలో ఇదే ఆమె ఎస్ఎన్ఎఫ్ 8.2 వచ్చిందని పదిమంది ముందు "నీళ్లు కలుపుతున్నావా?" అని అడిగింది నేనే. పాస్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాశాను కూడా. చలికాలం పొద్దున దూరపు కొట్టాల నుంచి వచ్చేవాళ్ల పాలు దారిలోనే 24 డిగ్రీలకు చల్లారేవి, వాళ్లకు అసలు కంటే ఎక్కువ రీడింగ్ వచ్చేది. గోడ పక్కన ఉన్న ఆమె అందరికన్నా తాజా పాలు, అందరికన్నా వేడి పాలు తెచ్చేది. కేంద్రంలో అన్నిటికన్నా మంచి పాలకు నేను నీళ్ల ముద్ర వేశాను. ఆమె పది రోజులు పాలు పోయడం మానేసి, తర్వాత ఆగి పోయడం నేర్చుకుంది. ఆమెను చూసి వీధి నేర్చుకుంది. చలికాలంలో ఆ అలవాటు పాలకు హాని చేయలేదు. మార్చి ఎండలు వచ్చాక చేసింది. పిండిన పాలు చల్లటి ట్యాంకులో పడేసరికి నాలుగు గంటలవుతోంది, అదీ 30 డిగ్రీల పైన.

ఇంకో ఆధారం నా బల్ల మీదే ఉంది. ఏప్రిల్‌లో ఊరి రిజిస్టర్ సగటు ఎస్ఎన్ఎఫ్ 8.6. అదే పాలు బల్క్ కూలర్ దగ్గర, ఉష్ణోగ్రత సరిచేసి చూస్తే 8.9. దారిలో పాలు చిక్కబడవు కదా. తేడా తగ్గుదలగా ఉంటే వెంటనే పట్టుకునేవాణ్ణి. పెరుగుదల కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు, నేనూ చూడలేదు.

ఏం చేయాలనే ఆలోచన

మూడు దారులు కనిపించాయి. ఎలక్ట్రానిక్ మిల్క్ ఎనలైజర్ కొనడం ఒకటి. 120 లీటర్ల కేంద్రానికి ఆ ఖర్చు బరువు, పైగా గాలి బుడగలున్న తాజా పాలతో అదీ తడబడుతుంది. రెండోది థర్మామీటర్ పెట్టి ప్రతి రీడింగ్‌నూ పట్టిక చూసి సరిచేయడం. లెక్క ప్రకారం సరైనదే. కానీ మసక వెలుతురులో 42 మందికి కూడిక తీసివేతలు చేయాలంటే తప్పులు జరుగుతాయి. తప్పు జరిగిన ప్రతిసారీ అనుమానం పుడుతుంది. పైగా నురగ సమస్యను పట్టిక తీర్చదు.

మూడోది తీసుకున్నాను. చల్లారాల్సింది నమూనా మాత్రమే, పాలు మొత్తం ఆగనక్కర్లేదు. పోయడానికి వచ్చిన వెంటనే పాలను బాగా కలిపి, నంబరు వేసిన సీసాలో నమూనా తీసి, పాలను క్యాన్‌లో పోసేయాలి. సీసాలను కుండ నీళ్లు పోసిన టబ్బులో నిలబెట్టి, 27 డిగ్రీలకు దగ్గరగా వచ్చాక అన్నిటి రీడింగ్ ఒకేసారి తీయాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే ఆ చిన్న సవరణ అందరికీ ఒకటే. తొందరగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా మీటరు దగ్గర అందరూ సమానం. అరుగు మీద కూర్చోవడానికి కారణం పోతుంది.

మొదటి వారం ఇది ఘోరంగా నడిచింది. ఒకటి, చల్లారిన సీసాల్లో మీగడ పైకి తేలింది. అబ్బాయి పైపైన తీసి వెన్న చూశాడు. కొందరికి 9 వచ్చింది, కొందరికి 5. సీసాను మెల్లగా నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలిపాకే తీయాలని నేను చెప్పలేదు. నాకు అది చెప్పాల్సిన విషయంగా కూడా తోచలేదు. రెండోది ఇంకా పెద్దది. ఇదివరకు మీటరు వాళ్ల కళ్ల ముందే తేలేది. ఇప్పుడు పాలు పోసి ఇంటికెళ్లాక ఎవరో అంకె రాస్తున్నారు. సీసాలు మారుస్తున్నారని మూడో రోజే మాట పుట్టింది. రోజుకు ఇద్దరు పాలు పోసేవాళ్లు వంతులవారీగా అక్కడే కూర్చోవాలని, ప్రతి నంబరూ అంకే పైకి చదవాలని పెట్టాం. మొదటి రోజు వంతు గోడ పక్కింటి ఆమెకే ఇచ్చాను. ఆమె నమ్మితే వీధి నమ్ముతుందని.

ఆగే అవసరం పోయాక పాలు 5:30 నుంచి 6:20 లోపే వచ్చేయసాగాయి. అప్పుడు ట్రాలీ దారిని తిప్పాను. ఇదివరకు మా ఊరు మొదటి మజిలీ. ఇక్కడి పాలు తొమ్మిది ఊళ్లూ తిరిగేవి. ఇప్పుడు చివరి మజిలీ చేశాం. క్యాన్లను నీళ్ల తొట్టిలో నిలబెట్టి తడి గోనె చుట్టి ఉంచితే 7:10కి బండి వచ్చి 7:50కి కూలర్ చేరుతుంది. పిండినప్పటి నుంచి నాలుగు గంటలు పట్టేది రెండున్నరకు వచ్చింది. దారి ముందే తిప్పి ఉంటే ఫలితం ఉండేది కాదు. జనం 6:45కి పోస్తున్నంత కాలం బండి ఏ వైపు నుంచి వచ్చినా ఆగాల్సిందే.

ఫలితం

మే నెల మొత్తంలో ఒక్క క్యాన్ వెనక్కి పోయింది, అది బండి పంక్చరైన రోజు. మిథిలీన్ బ్లూ రెండున్నర గంటలు దాటింది. ఊరి ఎస్ఎన్ఎఫ్‌కూ కూలర్ ఎస్ఎన్ఎఫ్‌కూ తేడా 0.1 లోపుకు వచ్చింది. జూన్ రెండో వారానికి పాలు 150 లీటర్లు. దీన్ని దిగుబడి పెరగడం అని మా నెలవారీ నివేదికలో రాశారు. నేను ఒప్పుకోలేదు. ఎక్కువ భాగం హోటళ్ల పాలవాడి నుంచి తిరిగొచ్చిన పాలే.

నిజంగా పెరిగింది ఆ తర్వాత, అదీ కొద్దిగా. బిల్లు సరిగా వచ్చాక దాణా బస్తాలు తామంతట తామే విప్పారు, పత్తి చెక్క మళ్లీ కొన్నారు. నీళ్ల విషయం కూడా అప్పుడే చెవికెక్కింది. బర్రె పాలలో ఎనభై మూడు శాతం దాకా నీళ్లే. ఎండాకాలం కట్టు మీద ఉన్న బర్రెకు రోజుకు రెండేసార్లు బకెట్ పెడితే సరిపోదు. తొమ్మిది ఇళ్లలో సిమెంటు తొట్టి కట్టి నీళ్లు ఎప్పుడూ ఉండేలా చేశారు. ఆ ఇళ్లలో బర్రెకు పూటకు అర లీటరు దాకా పెరిగింది. దాణా వల్ల ఎంత, నీళ్ల వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను. రెండూ ఒకే నెలలో జరిగాయి.

మీటరు సరైనాక కూడా అయిదు ఇళ్ల ఎస్ఎన్ఎఫ్ తక్కువగానే ఉంది. ఇప్పుడు ఆ అంకెను నమ్మి వెళ్లొచ్చు. పళ్లెంలో ఒక్కో చన్ను పాలు విడిగా పిండి, సమానంగా సీఎంటీ (పొదుగు వాపును పట్టే పరీక్ష) ద్రావణం కలిపితే మూడు ఇళ్లలో జావలా చిక్కబడింది. పైకి కనిపించని పొదుగు వాపు అది. పొదుగు వాచదు, పాలు మామూలుగానే కనిపిస్తాయి, లోపల చక్కెర, కేసీన్ తగ్గిపోతాయి. పిండాక చన్నులను అయోడిన్ మందులో ముంచడం, ఆ బర్రెను చివర పిండడం మొదలుపెట్టించాం. ఒకదానికి మందు వేయాల్సి వచ్చింది, పాలలోకి మందు వచ్చే గడువు తీరేదాకా దాని పాలు కేంద్రానికి రానివ్వలేదు. నాలుగో ఇంట్లో ఒట్టి వరిగడ్డి తప్ప ఇంకేం లేదు. అయిదో ఇంట్లో నిజంగానే నీళ్లు కలిపారు.

ఇప్పుడు పని తీరులో మారినవి

కొత్త కేంద్రానికి వెళ్తే మొదట థర్మామీటర్ అడుగుతాను. ఊరి రిజిస్టర్‌నూ కూలర్ రిజిస్టర్‌నూ పక్కపక్కన పెట్టి, తేడా ఏ వైపు ఉన్నా గుర్తు పెట్టుకుంటాను. ఎవరి మీదైనా నీళ్ల అనుమానం రాయడానికి ముందు వాళ్ల పాలను నేనే చల్లార్చి చూస్తాను. కనీసం ఒక్కసారైనా పిండే వేళకు ఊళ్లో ఉంటాను. పరీక్ష కొత్తగా పెట్టేటప్పుడు అది వరుసను ఎంత పెంచుతుందో లెక్కేస్తాను. మార్చిలో నేను పెట్టిన మరిగింపు పరీక్షే పాలను ఇంకా పాడు చేసింది.

తేలని సంగతులు రెండు ఉన్నాయి. ఊరికి 8.6 లెక్కన ఇచ్చి డెయిరీ నుంచి 8.9 లెక్కన తీసుకోవడంలో మిగిలిన డబ్బుతోనే కేంద్రం గది కిరాయి, కరెంటు బిల్లు కడుతున్నారట. ఎవరూ జేబులో వేసుకోలేదు. మీటరు సరిచేయగానే ఆ డబ్బు ఆగింది, జూన్ కిరాయికి ఇబ్బంది పడ్డారు. లీటరుకు కొన్ని పైసలు కమిషన్ పెంచమని పైకి రాశాను. నేను ఆ రూట్ నుంచి మారేదాకా జవాబు రాలేదు.

రెండోది గోడ పక్కింటి ఆమెది. పాస్‌బుక్‌లో ఎర్ర గీత కొట్టి, కింద సంతకం పెట్టి, వంతు కూర్చున్న ఇద్దరి ముందే ఇచ్చాను. ఆమె పుస్తకం తిరగేసి జనవరి పేజీ దగ్గర ఆగింది. "మరి అప్పటి పైసలు?" అంది. జనవరిలో ఆమె పాల ఉష్ణోగ్రత ఎంతో ఎవరూ రాసి పెట్టలేదు. లెక్క కట్టడానికి ఆధారం లేదని చెప్పాను. ఆమె పుస్తకం మూసి, సీసాల టబ్బు దగ్గరికి వెళ్లి నంబర్లు చదవడం మొదలుపెట్టింది.